ఐదో రోజు ఇల్లు చేరింది

3 నవంబరు 2025, సోమవారం. మూకండపల్లి

పదవీ విరమణ చేసిన రోజున డైరీ రాయడం ఆపాను. పదహారేళ్ళయింది. ఈరోజు మళ్ళీ మొదలు పెడుతున్నాను. కారణం, నా మనవరాలు భూమిక ఒక యూట్యూబ్ చానెల్‌కు ఇచ్చిన ఇంటర్వ్యూను మా వాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా చెప్పుకుంటున్నారు. ఎవరు ఏ రోజు ఏమన్నారో రాసి పెట్టుకోకపోతే, నాలుగు రోజులు పోయాక నేను కూడా మార్చి చెప్పవచ్చు. ముప్ఫై నాలుగేళ్ళు ఈ తమిళ సీమలో తెలుగు బడిలో పని చేశాను. విన్నది విన్నట్టు రాయడం నా అలవాటు.

భూమికకు ఇరవై నాలుగేళ్ళు. పగలు ఒక ఆఫీసులో పని, సాయంత్రాలు పాట. బ్యాండు పేరు 'మంద'. గొర్రెలు కాచిన ఇంట్లో పుట్టాం కాబట్టి ఆ పేరు అంటుంది. మందకైతే గంట ఉంటుంది. వీళ్ళకు రంజిత అనే పిల్ల వాయించే డ్రమ్ములున్నాయి. ఆ శబ్దం కింద తెలుగు నలిగిపోతుంది. అయినా 'ళ' మాత్రం సరిగ్గా పలుకుతుంది. అది నేను నేర్పినదే.

ఇంటర్వ్యూ నలభై ఒక్క నిమిషాలు. రెండుసార్లు చూశాను. ముఖ్యమైన మాటలు ఇవి.

దేవుని గురించి: "మా దేవర మీద నాకు కోపం లేదు. చిన్నప్పుడు దేవరుండే పెట్టె ముందర అందరికన్నా ఎక్కువ ఎగిరింది నేనే. ఆడదాని నెత్తురంటే దేవునికి భయమని ఎవరు చెప్పినారు? ఆయన చెప్పినాడా, నడుమ ఉండేవాళ్ళు చెప్పినారా?"

నువ్వు ఫెమినిస్టువా అని అడిగితే: "అవును. మా అవ్వకు ఆ మాట పడదు. కానీ మా నాయన తిన్న తట్ట తానే కడుగుతాడు, మా అవ్వ భయానికి. పేరు పెట్టకుండా ఆ పని చేసింది ఆమె."

నేను తట్ట కడిగించింది శుభ్రత కోసం. వాదం కోసం కాదు.

రాజకీయం గురించి: "మా దొడ్డి, అంటే మా పల్లె, దాని బయట ముట్టు గుడిసె ఉండాది. నెలకు ఐదు రోజులు ఆడోళ్ళు ఇల్లు విడిచి ఆడ పడుకోవల్ల. ఓట్లకు వచ్చిన ప్రతి ఒక్కరూ దానికి ఏదో ఒకటి ఇచ్చినారు. ఒకరు రేకులు, ఒకరు గోడ, ఒకరు లైటు. ఈసారి గెలిస్తే ఫ్యానంట. తీసేస్తామని ఒక్కరూ అనలేదు. అందుకే నేను ఏ పార్టీకీ పాడను."

తరువాత తన కొత్త పాట గురించి చెప్పింది. అందులో సొంత మాటలేమీ లేవు. అన్నీ నా నోటుబుక్కులో ఉన్నవే. 1974లో నేను ఆ దొడ్డికి కోడలిగా వచ్చేనాటికి అక్కడ చదువుకున్న ఆడది లేదు. ఎవరిది ఎన్నో రోజు అన్న దాని మీద ఆడవాళ్ళ మధ్య ఎప్పుడూ తగాదాలు. మా అత్త తిమ్మమ్మ నాకొక నోటుబుక్కు ఇచ్చి, ఎవరు ఏ రోజు గుడిసెకు పోయారో, ఏ రోజు ఇల్లు చేరారో రాయమంది. ఇరవై రెండేళ్ళు రాశాను. భూమిక నా ట్రంకు పెట్టె తెరిచి ఆ పేజీలు ఫోనులో తీసుకుంది. నన్ను అడగలేదు. "మా అవ్వ పుస్తకం తప్పు రాయదు" అని కెమెరా ముందు చెప్పింది.

గొడవ ఈ చివరి మాటతో వచ్చింది: "ఆ గుడిసెలో ఎవరూ చావలేదంటారు. నేను నమ్మను."

ఇంటర్వ్యూలో మొత్తం ఆరు తప్పులు. నేను ముప్ఫై ఏళ్ళు పని చేశానంది, అది ఒకటి. మిగిలిన ఐదూ అలాంటివే. చివరి మాటను తప్పుల్లో చేర్చలేదు. అది అభిప్రాయం.

5 నవంబరు, బుధవారం

దాసప్ప వచ్చాడు. నా మరిది. దేవర పెట్టె మోసేది అతనే, కుల కూటంలో మాట చెప్పేదీ అతనే. అరవై ఒక్క ఏళ్ళు. నా ఎదుట ఇప్పటికీ కుర్చీ అంచు మీద కూర్చుంటాడు.

కడ కార్తీక సోమవారం, 17వ తేదీన, దేవర పెట్టె తెరుస్తారు. అందరూ కూడుతారు. అక్కడ భూమిక మన్నిప్పు, అంటే క్షమాపణ, అడగాలట. అడగకపోతే నా కొడుకు పురుషోత్తం కుటుంబాన్ని దేవరకు, పెళ్ళికి, చావుకు పిలవరు. 22న కృష్ణగిరిలో ఆ పాట పాడబోతున్న హాలుకు కూడా చోటివ్వవద్దని కాగితం పంపుతారు.

దాసప్ప కాఫీ సగం తాగి అసలు విషయానికి వచ్చాడు.

"నీ పుస్తకం తీసుకొని రా వదినా. అందరికీ చూపిస్తాము. ఇరవై రెండేండ్లు. పోయినోళ్ళు పోయినట్టే ఇల్లు చేరినారు. ఒక్కరికీ ఏమీ కాలేదని నీ చేతి రాతే చెప్తా ఉండాదే. కింద ఒక మాట రాసి సంతకం పెట్టు. చాలు."

అతని మనవరాలు మోనిషా గురించి అడిగాను. తొమ్మిదో తరగతి. ఆ పిల్లను కూడా గుడిసెకు పంపుతున్నారు. పోయిన పరీక్షల్లో రెండు రాయలేదట.

"ఆడ లైటుండాదే. చదువుకోనీ" అన్నాడు.

ఒకే పుస్తకాన్ని ఇద్దరూ పట్టుకున్నారు. అది అబద్ధం చెప్పదని పాడేది ఒకరు, అది అబద్ధం చెప్పదని చూపించేది ఒకరు.

6 నవంబరు, గురువారం

పురుషోత్తం మధ్యాహ్నం షిఫ్టు మార్చుకుని ఇంట్లో కూర్చున్నాడు, కూతురితో మాట్లాడాలని. వాడు ఫ్యాక్టరీలో ఎనభై మంది మీద సూపర్‌వైజరు. ఇంట్లో ఒక్కదాని మీద కాలేకపోయాడు. రేపు మీ అవ్వ పోతే పాడె ఎత్తడానికి నలుగురు రావద్దా అన్నాడు. నా ఎదుటే. నలుగురు లేకపోతే బ్యాండులో మేము ఐదుగురం ఉన్నామంది భూమిక.

నాకు నవ్వు వచ్చింది. నవ్వలేదు.

తరువాత అది నా మంచం దగ్గరకు వచ్చి కూర్చుంది. ఇంటర్వ్యూలో ఉన్న గొంతు కాదు.

"అవ్వా, నా దగ్గర ఆధారం లేదు. ఊరికే మనసుకు తోచి అంటి. నువ్వు చెప్పు. ఆ గుడిసెలో ఎవరూ చావలేదని నువ్వు రాసిస్తే, సోమవారం నేనే వచ్చి మన్నిప్పు అడుగుతా. పాట కూడా పాడను. నీ మాట మీద."

మందు వేసుకునే వేళయిందని చెప్పాను.

7 నవంబరు, శుక్రవారం

వాన. మోకాళ్ళ నొప్పి. రాయవలసినది ఏమీ లేదు.

9 నవంబరు, ఆదివారం

భూమిక సాధన చేసే షెడ్డుకు పోయాను. ఫ్యాక్టరీల ఎస్టేటు వెనక, ఒకప్పుడు లేతు మిషన్లు ఉన్న చోటు. చెవుల్లో దూది పెట్టుకున్నాను. అయినా డ్రమ్ము చెవులకు కాకుండా పక్కటెముకలకు వినబడింది.

పాట మొదట చాలాసేపు భూమిక ఒక్క గొంతే. పేర్లు, రోజులు. ఎవరు ఏ రోజు పోయింది, ఐదో రోజు ఇల్లు చేరింది. ప్రతి పేరు తరువాతా అదే మాట. నలభై ఒక్క పేర్లు. లెక్క పెట్టాను. వాళ్ళలో పదిహేడు మంది ఇప్పుడు లేరు. నేను రాసేటప్పుడు అవి వరుసలు. అది పాడుతుంటే మనుషులుగా వచ్చారు. దీన్ని ఒప్పుకోవడానికి నాకు కష్టంగా ఉంది, కానీ విన్నది విన్నట్టు రాయాలి.

ఇరవై ఆరో పేరు అమ్ములు.

పాట ఆగాక రంజిత నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చి, అమ్ములు ఎవరని అడిగింది. మా ఆయన చెల్లెలని, దాసప్పకు అక్క అని చెప్పాను. భూమిక ఫోనులో పేజీ తెరిచింది.

"1979 నవంబరు తరువాత ఆమె పేరు లేదవ్వా. పెండ్లయిందా?"

"జ్వరంతో పోయింది. ఇంట్లో."

"ఇది చూడు. పుస్తకం మొత్తంలో ఒక్క దిద్దుబాటు ఉండేది ఈడే. 12 రాసి 11 చేసినావు."

పొరపాటు పడి ఉంటానన్నాను. నువ్వా, అని అది నవ్వింది.

10 నవంబరు, సోమవారం

అమ్ములు విషయం ఒకసారి రాసి పెడతాను. తరువాత ఎవరైనా అడిగితే ఇదే చెప్పాలి.

పదిహేడేళ్ళ పిల్ల. గుడిసెలో ఉండగా జ్వరం వచ్చింది. ఆ నెలలో మగవాళ్ళు ఇంట్లో లేరు. మా ఆయన, పదిహేనేళ్ళ దాసప్ప మందను తోలుకుని సామల్పట్టి పక్క పొలాల్లో కట్టడానికి పోయారు. ఎరువు కోసం రైతులు మందను పిలుస్తారు. పోతే రెండు నెలలు రారు. పిల్ల ఇంటికి వస్తానంది. ఇంకా రెండు రోజులున్నాయని మా అత్త ఒప్పుకోలేదు. ఆ కాలం అలాంటిది. కోడళ్ళకు నోరు లేదు. తరువాత ఇంటికి తెచ్చాం. పోయింది.

ఇంతే.

12 నవంబరు, బుధవారం

పురుషోత్తం కాగితం టైపు చేయించి తెచ్చాడు. "నాకు తెలిసినంతవరకు సదరు గుడిసెలో ఎవరికీ ఎటువంటి హాని జరగలేదని ఇందుమూలముగా తెలియజేయడమైనది." మూడు అక్షర దోషాలు. దిద్దాను. సంతకం పెట్టలేదు. పెన్నులో సిరా తక్కువగా ఉంది.

13 నవంబరు, గురువారం

సిరా నిండుగానే ఉంది.

14 నవంబరు, శుక్రవారం

10వ తేదీన రాసిన దానిలో ఒక తప్పు ఉంది. రెండు రోజులున్నాయని ఒప్పుకోనిది మా అత్త కాదు. నేను.

1979 నవంబరు 14, బుధవారం. మూడో రోజు. సాయంత్రం బడి నుంచి వచ్చి సంగటి తీసుకుపోయాను. గుడిసెకు పది అడుగుల దూరంలో తట్ట పెట్టి వెనక్కి జరగాలి. అమ్ములు బయటకు రాలేదు. గడప దగ్గర పడుకుని ఉంది. రేకులు లేవు అప్పుడు, బోద గడ్డి కప్పు. లోపల తడి.

"వదినా, చలేస్తా ఉంది. పుస్తకంలో పన్నెండును పది చెయ్యి. ఐదు రోజులైపోతాయి. అమ్మ నీ పుస్తకమే చూస్తాది. నన్నడగదు."

ఆ మాట నిజం. మా అత్తకు చదువు రాదు. నేను ఐదు అంటే ఐదు. ఆ ఇంట్లో నోరు లేని కోడలిని కాదు నేను. ఆ లెక్క విషయంలో నాకు తప్ప ఎవరికీ నోరు లేదు. దాని వల్ల నాకు ఎంత గర్వమో కూడా రాయాలి. వయసులో పెద్దవాళ్ళు నా దగ్గరకు వచ్చి, టీచరమ్మా, నాది నాలుగా ఐదా అని అడిగేవారు.

లెక్క లెక్కే అన్నాను. ఇప్పుడు నీకు దిద్దితే రేపు అందరూ అడుగుతారన్నాను. బడిలో పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. నా ట్రంకులో జ్వరం మాత్రలున్నాయి. రేపు తెస్తానన్నాను.

మర్నాడు పొద్దున పోయేసరికి చల్లబడి ఉంది.

నేను, మా అత్త, ఇంకొక ఆమె కలిసి దుప్పటిలో ఇంటికి చేర్చాం. ఊరు లేవకముందే. లెక్క నిండకుండా లోపలికి తెచ్చినట్టు తెలిస్తే దేవరకు మైల, పెట్టె తెరవకూడదు. మా అత్త ఏడుస్తూ నా వైపు చూసింది. ఏమీ అడగలేదు. నేనే పుస్తకం తెరిచి 12ను 11 చేశాను. ఎదురుగా, ఐదో రోజు ఇల్లు చేరింది అని రాశాను.

ప్రాణం ఉండగా రెండు రోజులు అడిగింది. ఇవ్వలేదు. పోయాక ఒక రోజు ఇచ్చాను.

దాని తరువాత పదిహేడేళ్ళు ఆ పుస్తకం రాశాను. ఒక్క దిద్దుబాటు లేకుండా.

15 నవంబరు, శనివారం

నేటికి నలభై ఆరేళ్ళు.

బస్సులో బేరిగై పోయి, అక్కడి నుంచి ఆటోలో దొడ్డికి. సంచిలో నోటుబుక్కు. దాసప్ప ఇంటి ముందు అరుగు మీద ఉన్ని తాడు పేనుతున్నాడు. కాగితం తెచ్చినావా వదినా అన్నాడు. పుస్తకం తెచ్చానన్నాను. నీ రాతే కదా, చూసేది ఏముండాది, అన్నాడు.

నిలబడే చెప్పాను. నిన్న ఇందులో రాసినంతా, అదే వరుసలో. మా అత్త పేరు అడ్డం పెట్టుకోలేదు.

చాలాసేపు తాడు పేనుతూనే ఉన్నాడు. తరువాత అడిగాడు.

"అడిగిందా? నోరు తెరిచి అడిగిందా?"

"అడిగింది."

"నువ్వేమంటివి?"

"లెక్క లెక్కే అన్నాను."

తాడు వదిలేశాడు. అది దానంతట అది విడిపోయింది.

"సామల్పట్టి నుంచి ఆమెకు గాజులు తెచ్చింటి. గుర్తుండాదా? నీ చేతికే ఇస్తి."

గుర్తుంది. ట్రంకులో పుస్తకం కిందనే ఉన్నాయి. ఆ మాటే చెప్పాను.

నన్ను తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నాకు సులభంగా ఉండేది. లేచి, చెప్పులు వేసుకోకుండా గుడిసె వైపు నడిచాడు. వెనకాల నేను పోయాను. మోనిషా మెట్టు మీద కూర్చుని సోషల్ పుస్తకం చదువుతోంది. పది అడుగుల దూరంలో, మనుషులు ఆగే చోట, దాసప్ప ఆగాడు. అక్కడ నేల నున్నగా అరిగి ఉంది. ఒక నిమిషం ఉండి, దాన్ని దాటి పోయాడు.

"రామ్మా. ఇంటికి పోదాం."

పిల్ల భయపడి లేచింది. "ఇంకా రెండు రోజులుండాయి తాతా."

"అవ్వనడుగు. లెక్క ఆమెది."

పిల్ల నా వైపు చూసింది.

"అయిపోయినాయి" అన్నాను. "పుస్తకాలు తీసుకో."

ఆ పుస్తకం ముట్టుకోకుండా చెప్పిన మొదటి లెక్క అది. సరైన లెక్క కూడా అదొక్కటే.

దారిలో దాసప్ప ఒక మాటే అన్నాడు. "సోమవారం నువ్వే చెప్పల్ల వదినా. నేను అడ్డం రాను. పక్కన నిలబడే శక్తి మాత్రం నాకు లేదు." నిలబడవద్దు, కూర్చుని విను, అన్నాను.

సాయంత్రం ఇంట్లో ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. పురుషోత్తం పోలీసులు అన్నాడు, పరువు అన్నాడు, నీ వయసేమిటమ్మా అన్నాడు. డెబ్బై నాలుగు అన్నాను. తాను అన్నది నిజమైనందుకు భూమిక ముఖంలో సంతోషం ఉంటుందేమోనని చూశాను. లేదు.

"నీ పుస్తకం తప్పు రాయదని చెప్పింటి అవ్వా. కెమెరా ముందర."

"అవును. నీ ఇంటర్వ్యూలో అది ఏడో తప్పు."

లేచి పోయి, నా తట్ట, దాని తట్ట, వాళ్ళ నాయన తట్ట కూడా అదే కడిగింది. చాలాసేపు కడిగింది.

16 నవంబరు, ఆదివారం

దాని మాటలన్నీ నాకు సమ్మతం కావు. దేవరకు నేను రేపు కూడా దండం పెడతాను. నడుమ ఉండేవాళ్ళు చెప్పినారని అది అంది. ఆ నడుమ ఉన్నదాన్ని నేనేనని దానికి తెలియదు, అంతే. ఇప్పుడు తెలిసింది. ఇక జరగవలసినవి:

1. రేపు ఉదయం ఆరున్నర బస్సు. పురుషోత్తం కారు వద్దు. దారి పొడుగునా నచ్చజెబుతాడు.

2. నోటుబుక్కు నా చేతిలోనే ఉండాలి. ఫోటోలు చాలవు.

3. పెట్టె తెరవక ముందే నేను మాట్లాడాలి. నిలబడి. మా అత్తను, ఆ కాలాన్ని నిందించకూడదు.

4. భూమిక మన్నిప్పు అడగదు. అడగవలసింది నేను. దేవరను కాదు, అమ్ములును.

5. కుటుంబాన్ని వెలివేస్తే వేయనీ. పాడెకు ఐదుగురున్నారు.

6. మోనిషాను వచ్చే నెల మళ్ళీ పంపితే, నేను పోయి ఆ పిల్ల పక్కన కూర్చోవాలి. ముసలిదాన్ని ఏ లెక్కన లేపుతారో చూస్తాను.

7. గాజులు దాసప్పకు ఇవ్వాలి. పన్నెండు తెచ్చాడు. ఒకటి విరిగింది. పదకొండు.

8. 22న కృష్ణగిరి. హాలు ఇవ్వకపోతే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ షెడ్డు ఒకటి ఉందని రంజిత చెప్పింది. ఎక్కడైనా సరే, ముందు వరుసలో నాకు కుర్చీ వేయాలి. దూది నేను తెచ్చుకుంటాను.

9. ఎర్ర సిరాతో 11 కొట్టివేసి 12 రాయాలి. ఎదురుగా ఉన్నది కొట్టివేసి, "నాలుగో రోజు. ఇల్లు చేరలేదు" అని రాయాలి. కింద నా సంతకం, నేటి తేదీ. దీన్ని ఇప్పుడే చేస్తున్నాను.

10. భూమిక పాటలో కూడా అలాగే పాడాలి. ఆ వరుస దగ్గర గిటారు, డ్రమ్ములు ఆగాలి. అక్షరం అక్షరం వినబడాలి.